చేతి ఆపరేషన్ తర్వాత మొదటి రాత్రి: బ్లాక్ దిగేది ఏ గంటకి?

ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. "మాది కంచిలి దగ్గర పల్లె. పోయినేడు నాన్నకి మణికట్టు విరిగితే ప్లేటు వేశారు. మెడ పక్కన సూది వేసి చెయ్యి మొత్తం మొద్దుబార్చారు, దాన్ని బ్లాక్ అంటారట. సాయంత్రం దాకా మంచం మీద కూర్చుని కబుర్లు చెప్పాడు. రాత్రి ఒంటిగంటకి మొదలైంది, ఆ కేకలకి వార్డంతా లేచింది. ఇప్పుడు అమ్మ వాకిట్లో జారిపడి మోచేతి ఎముక విరగ్గొట్టుకుంది. 54 ఏళ్ళు, 46 కేజీలు, పదేళ్ళుగా సుగర్, కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ 1.9. శ్రీకాకుళంలో ఆపరేషన్. ఈసారి బ్లాక్ ఎక్కువసేపు ఉండేలా ఇంకో మందు కలుపుతామన్నారు. అది స్టెరాయిడ్ అంట. ఒప్పుకోవాలా వద్దా?"

తమ్ముడూ, నేను ఇరవై రెండేళ్ళుగా మత్తు డాక్టర్ని. సగం కాలం శ్రీకాకుళంలో, సగం విజయనగరంలో గడిచింది. మీ అమ్మగారిని నేను చూడలేదు కాబట్టి చివరి మాట అక్కడ సూది పట్టుకునే డాక్టరుదే. కానీ మీరు సూటిగా అడిగారు, నేనూ సూటిగానే చెబుతాను. ఒప్పుకోండి. కాకపోతే ఆ స్టెరాయిడ్‌ని నరం దగ్గర వేసే మందులో కలపకుండా, గ్లూకోజు ఎక్కించే లైన్లోంచి రక్తంలోకి ఇవ్వడానికి వీలవుతుందా అని అడగండి. డోసు 4 మిల్లీగ్రాములు చాలు. మర్నాడు సాయంత్రం దాకా సుగర్ చూస్తూ ఉండమనండి. ఇలా ఎందుకంటున్నానో కింద రాస్తాను, కొంచెం పెద్దదే అవుతుంది.

ముందు మీ నాన్నగారి సంగతి. సూది ఎన్నింటికి వేశారో మీరు రాయలేదు. మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో అయ్యుంటుందని నా లెక్క. మన వైపు ఎక్కువగా వాడేది బ్యుపివకైన్ 0.5 శాతం మందు. అది మెడ దగ్గర నరాల గుత్తికి తగిలితే చెయ్యి కదపలేకుండా ఆరు నుంచి పది గంటలు ఉంటుంది, నొప్పి తెలియకుండా పన్నెండు గంటలు అటూ ఇటూ. మనిషిని బట్టి ఇంకా ఎక్కువసేపు ఉండొచ్చు. మధ్యాహ్నం ఒంటిగంటకి వేసింది రాత్రి ఒంటిగంటకి దిగింది. మందు పనిచేయలేదని మీరు అనుకుని ఉంటారు. అది దాని పని పూర్తిగా చేసింది. దిగిన గంట చెడ్డది.

మత్తు సూదులు లేకుండా పుట్టే నొప్పి మెల్లగా ఎక్కుతుంది, మనిషి దానికి కాస్త కాస్తగా అలవాటు పడతాడు, ఈలోగా మాత్రలు పడతాయి. బ్లాక్ దిగేటప్పుడు వచ్చే నొప్పి అలా రాదు. గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తినట్టు అరగంటలో మొత్తం మీద పడుతుంది. అప్పటిదాకా హాయిగా ఉన్నాడు కదా అని ఎవరూ మాత్ర ఇవ్వరు. రోగి కూడా "నాకేటీ నొప్పి లేదమ్మా" అని సిస్టర్ ఇచ్చిన మాత్రని దిండు కింద పెడతాడు. ఇది నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. రౌండ్స్‌కి వెళ్ళినప్పుడు దిండు ఎత్తి చూడడం నాకు ఒక అలవాటైపోయింది. నొప్పి విరుచుకుపడ్డాక మింగిన మాత్ర కడుపులోంచి రక్తంలోకి వెళ్ళేసరికి ముప్పావుగంటో గంటో పడుతుంది. ఆ గంటలోనే వార్డు లేచేది.

అందుకే బ్లాక్‌ని పొడిగించడం గురించి ఎవరు అడిగినా నేను మొదట అడిగేది ఒకటే: ఆపరేషన్ ఎన్నింటికి? పొద్దున్న ఎనిమిదికి వేసిన బ్లాక్ ఏమీ కలపకపోయినా రాత్రి ఎనిమిదికి దిగుతుంది. అందరూ మేలుకుని ఉంటారు, డాక్టరు ఫోన్ ఎత్తుతాడు, మందుల షాపు తెరిచి ఉంటుంది. మూడింటికి వేసినది తెల్లవారుజామున మూడింటికి దిగుతుంది. ఆ వేళకి వార్డులో ఒక సిస్టర్, ముప్పై మంచాలు. అప్పుడు ఇంకో ఆరు గంటలు పొడిగిస్తే అది పొద్దున్న తొమ్మిదికి వెళుతుంది, రౌండ్స్ టైముకి. ఆ ఆరు గంటల విలువ అక్కడ ఉంది. అదే ఆరు గంటలు ఎనిమిదింటి బ్లాక్‌కి కలిపితే రాత్రి ఎనిమిదికి దిగాల్సింది రెండింటికి దిగుతుంది. మంచి చేయబోయి చెడగొట్టినట్టు. దాని గురించి డాక్టర్లు కూడా ఎక్కువగా ఆలోచించరు, మా వాళ్ళనే అంటున్నాను.

ఇక మందు ఎక్కడ పడుతుంది, ఎలా దిగుతుంది అన్నది. చేతికి వెళ్ళే నరాలన్నీ మెడ వెన్నుపూసల మధ్య నుంచి ఐదు వేర్లుగా బయలుదేరి, మెడ ఎముక (కాలర్ బోన్) వెనక, మొదటి పక్కటెముక మీదుగా ఒక గుత్తిలా కలిసి చంకలోకి దిగుతాయి. ఆ గుత్తి చుట్టూ మందు పోస్తే చెయ్యి మొత్తానికి మెయిన్ స్విచ్ ఆపినట్టు. 1884లోనే అమెరికాలో హాల్‌స్టెడ్ అనే సర్జన్ నరాల మీద కొకైన్ వేసి చూశాడు. 1911లో జర్మనీలో కులెన్‌కాంఫ్ అనే సర్జన్ మెడ ఎముక పైనుంచి సూది వేసే పద్ధతిని ముందు తన మీదే ప్రయోగించుకున్నాడు. నేను నేర్చుకున్న రోజుల్లో కూడా దాదాపు అదే పద్ధతి. వేలితో తడిమి, సూది గుచ్చి, "చేతిలోకి కరెంటు కొట్టినట్టు వచ్చిందా?" అని అడిగేవాళ్ళం. "వచ్చినాది బావూ" అంటే అక్కడ మందు ఎక్కించేవాళ్ళం. ఊపిరితిత్తి అర అంగుళం దూరంలో ఉంటుందని తెలిసి కూడా.

ఇప్పుడు స్కానింగ్ మెషీన్ ఉంది. మెడ ఎముక పైన ప్రోబ్ పెడితే నల్లగా గుండ్రంగా కొట్టుకుంటున్న రక్తనాళం కనిపిస్తుంది. దాని కింద తెల్ల గీత పక్కటెముక. ఆ పక్కనే ఊపిరితో పాటు జారుతూ మెరిసే గీత ఊపిరితిత్తి పొర. రక్తనాళానికి పైన, బయటి వైపు తేనెపట్టు ముక్కలా నరాల గుత్తి. సూది పక్కనుంచి మెల్లగా వచ్చి ఆ మూలలో ఆగాలి. మందు పోస్తుంటే నల్లటి నీరు నరాల్ని చుట్టుకుని వాటిని పైకి తేలుస్తుంది. అది చూసినప్పుడు ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు బాగుంటుంది. మీ అమ్మగారికి స్కానింగ్ చూస్తూ వేస్తారా అని తప్పకుండా అడగండి. ఇది కలిపే మందు కన్నా ముఖ్యమైన ప్రశ్న. ఎందుకో లెక్క చూడండి.

బ్యుపివకైన్ 0.5 శాతం అంటే ఒక మిల్లీలీటరులో 5 మిల్లీగ్రాములు. మనిషి బరువులో కేజీకి 2 మిల్లీగ్రాములు దాటకూడదని మేము పాటించే హద్దు. అమ్మ 46 కేజీలు కాబట్టి 92 మిల్లీగ్రాములు. అంటే 18 మిల్లీలీటర్లు. కిడ్నీ మందగించిన మనిషికి అందులోంచి ఇంకాస్త తగ్గిస్తాం. పాత పద్ధతిలో గుడ్డిగా 30, 35 మిల్లీలీటర్లు పోసేవాళ్ళు, అది 70 కేజీల మనిషికే ఈ హద్దు దాటే లెక్క. మీ కంచిలి వైపు, ఉద్దానంలో కొబ్బరి తోటల్లో పనిచేసే ఆడవాళ్ళు చాలామంది నలభై అయిదు కేజీలు ఉండరు. "ఇంకొంచెం ఎక్కువ మందు పోస్తే ఇంకొంచెం సేపు ఉంటుంది" అన్న ఆలోచన వాళ్ళ దగ్గర ప్రమాదం. మందు రక్తంలో మోతాదు దాటితే నోటి చుట్టూ తిమ్మిరి, నాలుక మీద ఇనుము రుచి, చెవుల్లో గుయ్యిమని మోత, ఆ తర్వాత ఫిట్స్, ఇంకా దాటితే గుండె లయ తప్పుతుంది. విరుగుడు ఉంది, 20 శాతం కొవ్వు ద్రావణం, పాలలా తెల్లగా ఉండే సీసా. అది థియేటర్లో అందుబాటులో లేని చోట నేను బ్లాక్ వేయను. కొత్త ఆసుపత్రికి వెళ్తే ముందు ఆ సీసా ఏ అల్మరాలో ఉందో చూసుకుంటాను.

స్కానింగ్ చూస్తూ వేస్తే 15 నుంచి 18 మిల్లీలీటర్లతోనే పని జరుగుతుంది. రోపివకైన్ అని ఇంకో మందు ఉంది. గుండె మీద బ్యుపివకైన్ అంత కఠినంగా ఉండదు, కేజీకి 3 మిల్లీగ్రాముల దాకా వెసులుబాటు ఇస్తుంది, కానీ కాస్త ముందే దిగుతుంది. లిగ్నోకైన్ త్వరగా ఎక్కి త్వరగా దిగేది. దాన్ని బ్యుపివకైన్‌తో కలిపి వేయడం మన దగ్గర బాగా అలవాటు, థియేటర్ లిస్టు పెద్దదిగా ఉన్నప్పుడు సర్జన్ తొందరపెడతాడు కదా. అలా కలిపితే మొదలు త్వరగా అవుతుంది గానీ చివర కొన్ని గంటలు పోతాయి. రాత్రి గడవడమే ముఖ్యమైతే కలపకుండా, ఇంకో పావుగంట ఓపిక పట్టడం మేలు. ఖర్చు లేకుండా బ్లాక్‌ని పొడిగించే మార్గం ఇది, ఎవరికీ గుర్తురాదు.

ఇప్పుడు కలిపే మందులు. పాతది అడ్రినలిన్. మిల్లీలీటరుకి 5 మైక్రోగ్రాముల చొప్పున. అది చుట్టుపక్కల సన్నని రక్తనాళాల్ని ముడుస్తుంది, మందు రక్తంలోకి కొట్టుకుపోవడం నెమ్మదిస్తుంది. లిగ్నోకైన్‌తో బాగా లాభం, బ్యుపివకైన్‌తో అంతంతే. ఇంకో ఉపయోగం, సూది పొరపాటున రక్తనాళంలో ఉంటే గుండె వేగం పెరిగి మాకు తెలిసిపోతుంది.

మీకు చెప్పిన స్టెరాయిడ్ డెక్సామెథాసోన్ అయ్యుండాలి, మేము డెక్సా అంటాం. ఈ పనికి వాడేవాటిలో ఎక్కువ పరిశోధన జరిగిందీ, నాకు ఎక్కువ నమ్మకం ఉన్నదీ ఇదే. చేతి ఆపరేషన్ల మీద జరిగిన అధ్యయనాలన్నీ పోగేసి 2017లో కాక్రేన్ అనే వైద్య పరిశోధనల సంస్థ వాళ్ళు లెక్క తేల్చారు. నరం దగ్గర కలిపినా, రక్తంలోకి ఇచ్చినా ఆరు గంటల పైచిలుకు పొడిగింపు వస్తుంది. రెండింటినీ ఎదురెదురుగా పెట్టి పోలిస్తే నరం దగ్గర వేసినది సుమారు మూడు గంటలు ఎక్కువ. ఆ మూడు గంటల కోసం నేను సుగర్ ఉన్న మనిషి నరం పక్కన కొత్త మందు పోయను. డెక్సాని నరం దగ్గర వేయడానికి అధికారిక అనుమతి అంటూ లేదు, డాక్టర్లు అనుభవం మీద వాడుతున్నారు. పైగా రోపివకైన్‌తో కలిపితే సన్నని స్ఫటికాలు కట్టే అవకాశం ఉంది. సిరంజిలో పోసి వెలుతురుకి పట్టుకుంటే ఒక్కోసారి మబ్బు కమ్మినట్టు కనిపిస్తుంది. అది చూశాక ఎవరికైనా చెయ్యి ఆగుతుంది.

రక్తంలోకి ఇచ్చేటప్పుడు ఒక చిన్న సంగతి. మెలకువగా ఉన్న మనిషికి డెక్సా వేగంగా ఎక్కిస్తే కూర్చునే చోట భగ్గుమని దురద, మంట పుడుతుంది. నిమిషంలో పోతుంది. ఒకసారి టెక్కలి వైపు నుంచి వచ్చిన పెద్దావిడ "ఏటి బావూ, మీ బల్లకి సీమలు పట్టినాయి" అని లేచి కూర్చుంది. అప్పటినుంచి మెల్లగా, రెండు మూడు నిమిషాలు తీసుకుని ఇస్తాను, ముందే చెప్పి మరీ.

సుగర్ సంగతి. ఒక్క డోసు డెక్సా వల్ల సుగర్ పెరుగుతుంది, దాదాపు ఒక రోజు పాటు. 4 మిల్లీగ్రాములకి పెరిగేది చాలామందిలో ఇన్సులిన్‌తో సర్దుకునేంతే. ఆపరేషన్ రోజు పొద్దున్న సుగర్ 200 లోపు ఉంటే నేను ఇస్తాను. మూడు వందల పైన ఉంటే ఇవ్వను. గాయంలో చీము ఉంటే, ఎముక తోలు చీల్చుకుని బయటికి వచ్చిన ఫ్రాక్చర్ అయితే చాలాసేపు ఆలోచిస్తాను. ఇవి నా హద్దులు, పుస్తకంలో గీత గీసినవి కావు. ఒక రోజు డోసుకీ, కీళ్ళ నొప్పులకి ఆర్‌ఎంపీ దగ్గర నెలల తరబడి మింగే స్టెరాయిడ్ మాత్రలకీ పోలిక పెట్టి భయపడకండి. అవి చేసే నష్టం వేరు.

పదేళ్ళ సుగర్ అన్నారు. కాళ్ళలో మంటలు, అరికాళ్ళు దూది మీద నడిచినట్టు ఉండడం లాంటివి అమ్మకి ఉన్నాయేమో అడిగి డాక్టరుకి చెప్పండి. సుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్ళలో బ్లాక్ దానంతట అదే ఎక్కువసేపు ఉంటుంది. ఏమీ కలపకుండానే పద్దెనిమిది గంటలు ఉన్నవాళ్ళని చూశాను. అలాంటి నరాలకి తక్కువ మందు, తక్కువ కలుపుళ్ళు.

డెక్స్‌మెడిటోమిడిన్ అని ఇంకోటి వినిపిస్తుంది, పేరు దగ్గరగా ఉంటుంది గానీ డెక్సాకీ దీనికీ సంబంధం లేదు. ఇది మగతనిచ్చే మందు. నరం దగ్గర 50 మైక్రోగ్రాములు కలిపితే బ్లాక్ త్వరగా ఎక్కుతుంది, కొన్ని గంటలు పెరుగుతుంది, మనిషి ప్రశాంతంగా పడుకుంటాడు. బదులుగా నాడి నెమ్మదిస్తుంది, ఒక్కోసారి నలభైల్లోకి పడొచ్చు, బీపీ దిగుతుంది. అమ్మ బీపీకి అటెనలాల్, మెటోప్రోలాల్ లాంటివి వాడుతుంటే ముందే చెప్పాలి. దాని అన్న లాంటి క్లోనిడిన్‌తో రెండు గంటలు వస్తాయి, అంతే. బ్యుప్రెనార్ఫిన్ కలిపితే పొడిగింపు బాగానే వస్తుంది, దానితో పాటు వాంతులు, దురద. రాత్రంతా బకెట్ పట్టుకుని కూర్చోవడం నొప్పి కన్నా మెరుగని అనుకునేవాళ్ళు తక్కువ. మెగ్నీషియం, ట్రమడాల్, ఫెంటానిల్ గురించి రోజుకో పరిశోధన పేపరు వస్తుంటుంది, వాటితో నాకు చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. మిడజోలామ్‌ని నరం దగ్గర వేయడం తప్పని నా అభిప్రాయం, అది నరానికి మంచిది కాదన్న అనుమానాలు గట్టిగానే ఉన్నాయి.

ఇప్పుడు మీ ప్రశ్నలో నన్ను ఆపిన అంకె, క్రియాటినిన్ 1.9. 54 ఏళ్ళ ఆడమనిషికి అది చిన్న అంకె కాదు, కిడ్నీలు మూడో వంతు కన్నా కాస్త అటూ ఇటూ మాత్రమే పనిచేస్తున్నట్టు. కంచిలి అన్నారు. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ పట్టీలో మాకు ఎవరు వచ్చినా ముందు చూసేది ఆ కాగితమే. సుగర్, బీపీ ఏమీ లేని మగవాళ్ళకి కూడా నలభైల్లో కిడ్నీలు చెడిపోయే ప్రాంతం. కారణం ఇదమిత్థంగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలైందంటేనే తీవ్రత తెలుస్తుంది.

దానికీ బ్లాక్‌కీ ఏంటి సంబంధం అంటారా? ఎముక ఆపరేషన్ తర్వాత ఎక్కడైనా రాసేవి డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, కీటోరొలాక్. ఎముక నొప్పికి అవి నిజంగానే బాగా పనిచేస్తాయి. కానీ కిడ్నీల మీద దెబ్బ వేస్తాయి, మీ అమ్మగారికి అవేవీ వద్దు. సూదిగా కూడా వద్దు, "ఒక్క డోసుకి ఏం కాదులే" అన్నా వద్దు. బాగున్న కిడ్నీలు ఉన్న మనిషికి బ్లాక్ దిగాక పట్టుకోవడానికి నాలుగు కొమ్మలు ఉంటాయి, ఈమెకి రెండే. అందుకే కోస్తాలో ఇంకెక్కడైనా కలపకుండా వదిలేసే చోట కూడా, ఉద్దానం మనిషికి బ్లాక్ పొడిగించడం మీద నేను పట్టుబడతాను. చీటీ మీద, కేసుషీటు మీద "కిడ్నీ, నొప్పి సూదులు వద్దు" అని ఎర్ర ఇంకుతో రాయించండి. రాత్రి డ్యూటీ మారినప్పుడు కొత్తగా వచ్చినవాళ్ళు అలవాటుగా డైక్లో వేసేస్తారు. సిగ్గుపడకుండా అడ్డుకోండి.

ఇంకో మాట, ఇది ఆపరేషన్‌కి సంబంధం లేకపోయినా. అమ్మకి విరిగింది ఏ చెయ్యి? కుడిచేతి వాటం అయితే ఎడమచేతి రక్తనాళాల్ని జాగ్రత్తగా ఉంచుకోవాలి. భగవంతుడి దయ వల్ల అవసరం పడకూడదు గానీ, ఎప్పుడైనా డయాలసిస్ దాకా వెళ్తే దానికోసం రెండు రక్తనాళాల్ని కలిపి కుట్టే ఫిస్టులా వేసేది సాధారణంగా ఆ చేతికే. గ్లూకోజు సూది ముంజేతి మీద కాకుండా వీలైతే అరచేతి వెనక వేయమని చెప్పండి. ఫిస్టులా ఆపరేషన్లకి కూడా మేము ఇదే బ్లాక్ వేస్తాం. చెయ్యి వెచ్చబడి రక్తనాళాలు విప్పారతాయి, సర్జన్‌కి కుట్టడం తేలికవుతుంది, గ్లాస్గోలో చేసి 2016లో ప్రచురించిన పరీక్షలో మూడు నెలల తర్వాత కూడా ఫిస్టులాలు మెరుగ్గా నిలిచాయి.

ఒకే సూదికి బదులు సన్నని గొట్టం పెట్టి రెండు మూడు రోజులు మందు పంపే పద్ధతి గురించి కూడా ఎవరైనా చెప్పొచ్చు. రోపివకైన్ 0.2 శాతం, గంటకి ఐదారు మిల్లీలీటర్లు. పొడిగింపులో దాన్ని మించింది లేదు. బిగుసుకుపోయిన మోచేతిని విడదీసి వెంటనే ఫిజియోథెరపీ మొదలుపెట్టాల్సిన కేసుల్లో, తెగిన వేళ్ళు అతికించిన కేసుల్లో నేను పెడతాను. కానీ గొట్టం మెడ దగ్గర చెమటకి ఊడుతుంది, కారుతుంది, ఒక్కోసారి రోగి నిద్రలో లాగేస్తాడు. రాత్రి దాన్ని చూసే మనిషి ఉండాలి. మీ అమ్మగారి మోచేతి చివరి ఎముకకి వైరో ప్లేటో వేసే ఆపరేషన్‌కి అంత అవసరం పడదు.

పొడిగించకూడని చోట్లు కూడా ఉన్నాయి, ఇది సర్జన్లతో నాకు అప్పుడప్పుడు జరిగే గొడవ, చాలాసార్లు వాళ్ళే కరెక్టు. జబ్బ ఎముక విరిగి మణికట్టు వేలాడిపోతుంటే ఆపరేషన్ తర్వాత నరం పనిచేస్తోందో లేదో వాళ్ళు సాయంత్రానికే చూసుకోవాలి. ముంజేతి రెండెముకలూ నుజ్జయిన కేసులో లోపల వాపు పెరిగి కండకి రక్తం ఆడకుండా పోవచ్చు. దానికి మొదటి గుర్తు భరించలేని నొప్పి, మనం ఆ గుర్తునే మూసేస్తున్నాం. అలాంటి చోట తక్కువ మందు, తక్కువ గంటలు. బ్లాక్ ఉన్నా సరే నొప్పి పెరుగుతూ పోతుంటే, వేళ్ళు నిటారుగా చాపితే ప్రాణం పోతుంటే, కట్టు బిగుసుకుపోతే, అర్ధరాత్రి అయినా సర్జన్‌ని లేపండి. దాన్ని "మత్తు దిగుతోంది" అని కొట్టిపారేయనివ్వకండి.

మొద్దుబారిన చెయ్యి తన సంగతి తాను చూసుకోలేదు. దీన్ని నేను నేర్చుకున్న తీరు చెబుతాను. సర్వీసులో నాలుగో ఏడాది. ఒక చిన్న ఆసుపత్రిలో ఒక ఆటో డ్రైవరుకి పొడవైన బ్లాక్ వేసి, పొద్దుటి దాకా నిద్రపోతాడని గర్వంగా ఇంటికి వెళ్ళాను. నిజంగానే నిద్రపోయాడు. చెయ్యి దిండు మీంచి జారి మంచం కిందికి వేలాడింది. కింద దోమల కాయిల్ వెలుగుతోంది. వాసన వచ్చి పక్క మంచం వాళ్ళు చూసేసరికి చిటికెన వేలి పక్కన రూపాయి బిళ్ళంత కాలిపోయింది. అతనికి తెలియనే లేదు. పొద్దున్న నన్ను చూసి నవ్వుతూ "నొప్పి లేదు సార్" అన్నాడు. తప్పు నాది, అతని భార్యకి ఒక్క మాట చెప్పి వెళ్ళలేదు. అప్పటినుంచి చెయ్యిని సంచిలో వేసి, సంచిని ఛాతీకి కట్టి, పక్కన పడుకునే మనిషిని పిలిచి చెబుతాను. కాయిల్, వేడి నీళ్ళ సంచి, టీ గ్లాసు ఏదీ ఆ చేతి దరిదాపుల్లో ఉండకూడదు. మోచేయి మంచం పట్టెకి ఒత్తుకోకూడదు.

సూది వేశాక ఆ వైపు కనురెప్ప కాస్త వాలి, కన్ను ఎర్రబడొచ్చు, గొంతు బొంగురుపోవచ్చు. పక్షవాతం అని గాభరా పడి ఫోన్లు చేస్తారు. మందు పక్క నరాలకి పాకడం వల్ల వచ్చేది, బ్లాక్‌తో పాటే పోతుంది. మెడ ఎముక పైన వేసినప్పుడు దాదాపు సగం మందిలో ఆ వైపు ఊపిరితిత్తి కింద ఉండి ఊపిరి ఆడించే కండర పొర (డయాఫ్రం) కూడా కాసేపు మందగిస్తుంది. ఊపిరితిత్తులు బాగున్నవాళ్ళకి తెలియదు. అమ్మకి ఆయాసం ఉంటే చెప్పండి, అప్పుడు మెడ ఎముక కిందనుంచో చంకలోంచో వేస్తారు. నరానికి ఎక్కువ కాలం దెబ్బ ఉండిపోవడం పదివేల మందిలో ఇద్దరు నుంచి నలుగురికి. సున్నా అని ఎవరైనా చెబితే నమ్మకండి. రెండో రోజు దాటినా మొద్దుబారినట్టే ఉంటే ఊరికే ఉండకుండా చూపించండి.

ఆ రాత్రికి మీరు చేయాల్సింది. సూది వేసిన టైము ఒక కాగితం మీద రాసుకోండి. పొద్దున్న తొమ్మిదికి వేసి డెక్సా రక్తంలోకి ఇచ్చారనుకుందాం, అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము మూడింటి మధ్య దిగుతుంది. అమ్మ బరువుకి పారాసిటమాల్ 650 ఆరు గంటలకోసారి సరిపోతుంది. మధ్యాహ్నం మూడింటికి ఒకటి, రాత్రి తొమ్మిదికి ఒకటి, తెల్లవారుజామున మూడింటికి అలారం పెట్టి ఇంకొకటి. నొప్పి ఉందా అని అడగకండి, గడియారం చూసి ఇవ్వండి. దిండు కింద చూడండి. వేళ్ళలో జుమ్ జుమ్ అని తిమ్మిరి మొదలైందంటే, బొటనవేలు కదులుతోందంటే, ఇంకో గంటా గంటన్నరలో నొప్పి వస్తుంది. డాక్టరు ట్రమడాల్ 50 రాసి ఉంటే వేయాల్సింది అప్పుడే. కిడ్నీ వల్ల దాన్ని రోజుకి రెండుసార్లు దాటించరు, వాంతుల మాత్ర ముందు పడాలి. చెయ్యి గుండె కన్నా ఎత్తులో, రెండు దిళ్ళ మీద. సుగర్ నాలుగైదు గంటలకోసారి చూడమనండి, రాత్రి పూట కూడా.

ఆపరేషన్ ఏ టైముకి పెట్టారో, అమ్మ వాడే బీపీ మాత్రల పేర్లు ఏంటో, ఆ ఆసుపత్రిలో స్కానింగ్ చూస్తూ వేస్తారో లేదో కనుక్కుని రాయండి. సాయంత్రం కేసు అయితే పైన రాసిన టైములన్నీ మారతాయి, మళ్ళీ లెక్క వేసి చెబుతాను.